పడుకున్నా తీరని అలసట

నాకు వచ్చింది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో మొదలయ్యే ఒక రకం క్యాన్సర్. మెడ పక్కన గడ్డలా కనిపించింది. బయాప్సీ చేశారు, పెట్ స్కాన్ తీశారు, ఆ వెంటనే కీమో మొదలైంది. జబ్బు గురించీ మందుల గురించీ డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. జుట్టు రాలుతుందని, నోట్లో పుండ్లు పడొచ్చని, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే అర్ధరాత్రయినా సరే ఫోన్ చేసి వచ్చేయాలని ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితంలో చివరి వరుస ‘నీరసం ఉండవచ్చు’ అని. మొత్తం వైద్యంలో నన్ను ఎక్కువ కాలం పట్టి పీడించింది ఆ చివరి వరుసలో ఉన్నదే. దాని వెనకాలే మనసు కుంగిపోవడం మొదలైంది. వార్డులో నా పక్కన కూర్చుని కీమో ఎక్కించుకున్నవాళ్ళలో చాలామంది ఇదే పడుతున్నారని, డాక్టరు ముందు మాత్రం ఎవరూ నోరు విప్పడం లేదని చూశాక, నాకు జరిగింది జరిగినట్టు రాయాలనిపించింది.

నాకిచ్చిన మందుల వరుసని ఆర్-చాప్ అంటారు. ఐదు మందులు, సాధారణంగా 21 రోజులకొక సైకిల్. నాలుగు సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. ఐదోది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, సైకిల్ మొదట్లో ఐదు రోజులు వేసుకోవాలి. నా అలసట కథ ఈ మాత్ర దగ్గరే మొదలవుతుంది. అది వేసుకున్నన్ని రోజులూ ఒంట్లో ఎక్కడలేని హుషారు. రాత్రి నిద్ర పట్టేది కాదు. తెల్లవారుజామునే లేచి పుస్తకాల అలమర సర్దేవాణ్ణి. చూడడానికి వచ్చినవాళ్ళు ‘కీమో నిన్నేమీ చేయలేదే’ అని సంతోషపడి వెళ్ళేవాళ్ళు. మాత్ర ఆపిన మర్నాడో ఆ పై రోజో ఉన్నట్టుండి కుప్పకూలేవాణ్ణి. కాళ్ళలో సత్తువ పోయేది. అదే రోజు మనసు కూడా జారిపోయేది. కారణం లేకుండా కళ్ళ వెంట నీళ్ళు కారేవి.

మొదటిసారి నాకేదో అయిపోతోందని భయపడ్డాను. రెండో సైకిల్లో కూడా సరిగ్గా అవే రోజుల్లో అలాగే అయ్యేసరికి క్యాలెండర్ మీద గుర్తులు పెట్టి డాక్టరుగారికి చూపించాను. స్టెరాయిడ్ మొదలుపెట్టినప్పుడు నిద్ర చెడడం, ఆపినప్పుడు ఒంట్లోనూ మనసులోనూ ఇలా పడిపోవడం వాళ్ళు తరచూ చూసేదేనట. మాత్రని సాయంత్రం దాకా పోనీయకుండా పొద్దున్నే వేసుకోమన్నారు. దాంతో రాత్రులు కొంత నయమయ్యాయి. ఆ ఏడుపు పూర్తిగా పోలేదు గానీ, అది మందు వల్ల వస్తోందని, రెండు మూడు రోజుల్లో పోతుందని తెలిశాక నాకూ మా ఇంట్లోవాళ్ళకూ దాన్ని చూసే తీరు మారింది.

ఆ తర్వాతి వారంలో కౌంట్స్ పడిపోయేవి. కీమో ఎక్కించిన ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గే కాలమది. అప్పుడు ఇల్లు కదలకూడదు. మూడో వారానికి కాస్త తేరుకునేవాణ్ణి. మళ్ళీ మనిషినయ్యాను అనిపించే వేళకి తర్వాతి సైకిల్ వచ్చేది. సైకిళ్ళు గడిచేకొద్దీ ఆ తేరుకోవడం తగ్గుతూ వచ్చింది. ఈ లెక్క తెలుసుకున్నాక బంధువులు వస్తామన్నా, ఆఫీసు ఫోన్లున్నా మూడో వారానికే పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాం.

ఈ అలసట ఎలాంటిదో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చెప్పడం చాలా కష్టం. ‘మాకూ సాయంత్రానికి అలాగే ఉంటుంది’ అంటారు. పనిచేసి అలిసిపోతే పడుకుంటే పోతుంది. ఇది రాత్రంతా పడుకుని లేచినా, కళ్ళు తెరిచిన క్షణంలోనే ఉంటుంది. నడుము లోతు నీళ్ళలో నడుస్తున్నట్టు ఉండేది నాకు. స్నానం చేసి తల తుడుచుకునేసరికి మళ్ళీ మంచం ఎక్కాల్సి వచ్చేది. చొక్కా వేసుకోవడానికి చేతులు ఎత్తడమే ఒక పని. చేసిన పనికీ వచ్చిన అలసటకీ పొంతన ఉండదు, విశ్రాంతితో తీరదు, రోజువారీ బతుక్కి అడ్డం పడుతుంది. డాక్టర్లు క్యాన్సర్ అలసటని గుర్తుపట్టేది ఈ మూడు లక్షణాలతోనే.

అలసట ఒంటికి మాత్రమే కాదు. పేపర్లో ఒక వార్త చదివితే చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండేది కాదు. మాట్లాడుతుంటే మామూలు మాటలు నోటికి అందేవి కావు. మా అబ్బాయి లెక్కల హోంవర్క్ పట్టుకుని పక్కన కూర్చుంటే, సులువైన భిన్నాల లెక్క కూడా తెమిలేది కాదు. దీన్ని కీమో బ్రెయిన్ అంటారని, ఎక్కువమందిలో నెమ్మదిగా మెరుగవుతుందని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నా బుర్ర ఇక ఇంతేనేమో అన్న దిగులే. ఆ దిగులుకి తోడు, ఫోన్ మాట్లాడడం కూడా భారమై స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాను. నేను అలిసిపోయి మానేస్తే, ముభావంగా ఉన్నాననుకున్నారు కొందరు.

కీమో డే-కేర్‌లో ఒక సిస్టర్ ఉండేవారు. ఒకరోజు సూది పెడుతూ అడిగారు, ‘సార్, సున్నా అంటే అస్సలు అలసట లేనట్టు, పది అంటే ఇంతకంటే ఉండదన్నంత. ఈ వారంలో మీది ఎంత?’ అని. అంతకుముందు ఎవరూ అలా అడగలేదు. కాసేపు ఆలోచించి ఏడు అన్నాను. ఆవిడ వెంటనే ఫైల్లో రాసి, డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు ముందు ఆ అంకే చూపించారు. ఒకటి నుంచి మూడు అయితే తేలిక, నాలుగు నుంచి ఆరు మధ్యరకం, ఏడు ఆ పైన తీవ్రం అంటారట. నాలుగుకి చేరిందంటే కారణం వెతకాల్సిందేనని చెప్పారు. ‘కీమో కదమ్మా, ఉంటుంది కదా’ అన్నాను. ‘ఉంటుంది సార్, కానీ అందులో తగ్గించగలిగింది ఎంతో చూడాలి కదా’ అన్నారు. ఆ మాటకి ఆవిడకి ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

అలసట గురించి ఎందుకు చెప్పరని నా పక్కవాళ్ళని అడిగి చూశాను. ఒకాయనకి, చెప్తే డోసు తగ్గించేస్తారేమో, వైద్యం ఆపేస్తారేమో అన్న భయం. ఒకావిడ, ప్రాణాలు కాపాడుతున్న డాక్టరు దగ్గర నీరసం గురించి మాట్లాడితే గొణిగినట్టుంటుందేమో అన్నారు. ఇంకొకరికి, అలసట పెరిగిందంటే జబ్బు ముదిరిందేమో, ఆ మాట వినలేనన్న భయం. ఈ భయాలన్నీ నిజమైనవే, నాకూ ఉన్నాయి. అయితే కీమో మధ్యలో అలసట పెరిగిందంటే జబ్బు పెరిగినట్టే అనుకోనక్కర్లేదు. దానికి వేరే కారణాలు చాలా ఉంటాయి, వాటిలో చాలావాటికి మందు ఉంది.

నా విషయంలో ఆ వెతుకులాట ఇలా సాగింది. హిమోగ్లోబిన్ తగ్గి ఉంది. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది అంకె ఒక్కదాన్నే చూసి నిర్ణయించరని, ఆయాసం ఉందా, గుండె ఎలా ఉంది అన్నవి కూడా చూస్తారని అప్పుడే తెలిసింది. నాకిస్తున్న మందుల్లో డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని బలహీనపరిచే అవకాశం ఉన్నది కాబట్టి ఎకో (గుండె స్కాన్) మళ్ళీ తీశారు, అది బాగానే ఉంది. థైరాయిడ్ పరీక్ష అప్పటికి మామూలుగానే వచ్చింది. వాటిలోనే ఇంకో మందు విన్‌క్రిస్టిన్ వల్ల అరికాళ్ళలో తిమ్మిర్లు, మంటలు వచ్చి రాత్రి రెండు మూడుసార్లు మెలకువ వస్తోందని చెప్తే దానికి విడిగా మందిచ్చారు. వాంతులకి వేసుకుంటున్న మాత్రల్లో ఒకటి మత్తునిచ్చే రకం, దాన్ని మార్చారు. బరువు తగ్గుతున్నానని డైటీషియన్ దగ్గరికి పంపారు. వీటిలో ఏ ఒక్కటీ అద్భుతం చేయలేదు. అన్నీ కలిసి ఏడుని ఐదుకి దించాయి. ఐదంటే స్నానం చేశాక పడుకోకుండా కుర్చీలో కూర్చోగలగడం. అది నాకు చాలా పెద్ద మార్పు.

అలసట కాస్త దిగాక కూడా దిగని బరువు ఇంకొకటి ఉందని అప్పుడే బయటపడింది. వైద్యం మధ్యలో తీసిన స్కాన్‌లో గడ్డలు బాగా కరిగిపోయాయి. డాక్టరుగారు నవ్వుతూ చెప్పారు. మా ఆవిడ ఆ గదిలోనే ఏడ్చేసింది. అక్కకి ఫోన్ చేస్తే ఆనందంతో మాట రాలేదు. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. ఇంకెవరి రిపోర్టో చదివినట్టుంది. ఇంటికొస్తుంటే దారిలో మా ఆవిడ ‘ఏమండీ, మీకు సంతోషంగా లేదా?’ అని అడిగింది. ‘ఉంది’ అన్నాను. నేను అబద్ధం చెప్తున్నానని తనకి తెలిసిపోయింది. అప్పటికే వారాలుగా గమనిస్తోందట. నాకిష్టమైన పాత పాటలు పెట్టినా ఆపేయమంటున్నానని, అబ్బాయి పక్కన కూర్చున్నా తల తిప్పుకుంటున్నానని, ‘నా వల్ల మీకందరికీ భారం’ అన్న మాట రోజూ అంటున్నానని చెప్పింది. తనే ఆంకాలజిస్టుతో, అంటే మా క్యాన్సర్ డాక్టరుగారితో మాట్లాడి సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ తీసుకుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. క్యాన్సర్ వచ్చిన మనిషికి అందరూ ఇచ్చే సలహా ‘ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఉండు’ అనేది. ప్రేమతోనే అంటారు. కానీ కుంగిపోయిన రోజున ఆ మాట వింటే, నేను కుంగిపోతున్నాను కాబట్టే జబ్బు పెరుగుతుందేమో అన్న భయం కూడా నెత్తి మీద పడుతుంది. ఏడిస్తే గడ్డ పెరుగుతుందని గానీ, నవ్వుతూ ఉంటే కరుగుతుందని గానీ ఏ పరిశోధనా నిరూపించలేదు. క్యాన్సర్ రోగుల మనసు గురించి ఒక ప్రత్యేక వైద్యశాఖనే నిలబెట్టిన అమెరికన్ సైకియాట్రిస్టు జిమ్మీ హాలండ్ 1977లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో చేరి ఈ పని మొదలుపెట్టారు. పాజిటివ్‌గా ఉండి తీరాలన్న ఒత్తిడి రోగుల మీద ఎలా పెత్తనం చేస్తుందో ఆవిడ గట్టిగా చెప్పారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు భుజాల మీంచి ఏదో దించినట్టనిపించింది.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడానికి మొదట ఒప్పుకోలేదు. ఒకే శరీరానికి ఇంకెంతమంది డాక్టర్లు అనిపించింది. వెళ్ళాక ఆయన చెప్పిన మొదటి విషయమే నాకు దారి చూపింది. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, నీరసం, ధ్యాస నిలవకపోవడం కీమోలోనూ ఉంటాయి, డిప్రెషన్‌లోనూ ఉంటాయి. వాటిని చూసి ఏది ఏదో చెప్పలేం. అందుకని వేరే ప్రశ్నలు అడుగుతారు. ఇష్టమైన పని ఇంకా ఇష్టంగానే ఉందా, రేపటి గురించి ఏమైనా ఎదురుచూపు ఉందా, మిమ్మల్ని మీరు పనికిరాని మనిషిగా అనుకుంటున్నారా అని. ‘నడవాలని ఉంది, కాళ్ళు రావట్లేదు అంటే అది ఎక్కువగా అలసట. నడిచి ఏం చేయాలి అనిపిస్తే డిప్రెషన్ వైపు మనం చూడాలి’ అన్నారు. నాకు రెండూ ఉన్నాయి. కొన్ని రోజులు మొదటిది, చాలా రోజులు రెండోది.

అప్పుడే ఒక ప్రశ్నాపత్రం నింపించారు. 1983లో జిగ్మండ్, స్నెయిత్ అనే ఇద్దరు డాక్టర్లు ఆస్పత్రి రోగుల కోసమే తయారుచేసినదది. 14 ప్రశ్నలు, సగం ఆందోళనకి, సగం కుంగుబాటుకి. ఒంటి బాధల వల్ల లెక్క తప్పకుండా నీరసం, నిద్రలాంటి వాటిని అందులో కావాలనే వదిలేశారట. నింపడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కుంగుబాటు వైపు స్కోరు ఎక్కువ వచ్చింది. పేరున్న జబ్బు అని తేలాక ఎందుకో ఊరటగా అనిపించింది.

ఆ తర్వాత ఆయన నేరుగా అడిగారు, ‘చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా?’ అని. మా ఆవిడ బయట కూర్చుని ఉంది. ఏమీ చేసుకోవాలని లేదు గానీ, రాత్రి పడుకుని పొద్దున లేవకపోయినా ఫర్వాలేదనిపిస్తుందని చెప్పాను. ఆ మాట నోటితో బయటికి అనడం అదే మొదటిసారి. ఆయన కంగారుపడలేదు, తేలిగ్గానూ తీసుకోలేదు. ఎప్పుడెప్పుడు వస్తుంది, ఎంతసేపుంటుంది, ఏదైనా చేసుకునే ఆలోచన దాకా వెళ్ళిందా అని అన్నీ అడిగారు. నా అనుమతి తీసుకుని మా ఆవిడని లోపలికి పిలిచి, ఆ ఆలోచన గట్టిపడితే అదే రోజు, అదే గంటలో ఎవరికి ఫోన్ చేయాలో, ఎక్కడికి రావాలో ఇద్దరికీ చెప్పారు. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ఇంట్లోవాళ్ళు భయపడతారు గానీ, అలా పుట్టదని, అడిగితే మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుందని చెప్పారు. నాకైతే అదే జరిగింది. నా మాట ఇంకొకరికి తెలిసిన ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కాస్త గాఢంగా నిద్రపోయాను.

మందు రాసే ముందు నేను వేసుకుంటున్న మాత్రలన్నీ బల్ల మీద పెట్టమన్నారు. వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్‌లాంటివి, కొన్ని డిప్రెషన్ మందులు కలిస్తే గుండె లయ మీద ప్రభావం పడొచ్చట. అలాగే రొమ్ము క్యాన్సర్‌కి టామాక్సిఫెన్ వేసుకునేవాళ్ళకి ప్యారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ ఇవ్వకుండా చూసుకుంటారు, ఎందుకంటే అవి టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. అందుకే ఈ మందులు సొంతంగా గానీ, ఎవరికో పనిచేశాయని గానీ తెచ్చుకునేవి కావు. నాకు మిర్టాజపిన్ ఇచ్చారు, నిద్రకీ ఆకలికీ కూడా సాయపడుతుందని. మొదటి వారం పొద్దున్నే మత్తుగా ఉండేది. కొన్ని వారాలు పట్టింది తేడా తెలియడానికి. ఒకరోజు మా అబ్బాయి చెప్పిన స్కూలు సంగతికి నాకు తెలియకుండానే నవ్వాను. వాడు చెప్తున్నది ఆపి నా వైపు చూశాడు.

అయితే మనసు తేలికపడినంత మాత్రాన అలసట పోలేదు. డిప్రెషన్ మందు కుంగుబాటుని తగ్గిస్తుంది గానీ కీమో అలసటని తగ్గించదని పరిశోధనల్లో కూడా తేలిందని డాక్టరుగారు చెప్పారు. ఈ రెండిటినీ విడివిడిగా చూడాలని నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఇదే. ఒకదానికి వైద్యం జరిగితే రెండోది దానంతటదే పోతుందనుకుంటే రోగి మళ్ళీ నిరాశలో పడతాడు.

అలసటకి నిజంగా పనిచేసింది నడక. ఈ మాట మొదట విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. లేచి నిలబడలేనివాణ్ణి నడవమనడమేమిటి అని. ఫిజియోథెరపిస్టు ఓర్పుగా చెప్పారు. మంచం మీద ఉన్నకొద్దీ కండ కరిగిపోతుంది, కండ కరిగినకొద్దీ చిన్న పనికే ఎక్కువ శ్రమ, ఎక్కువ శ్రమ కాబట్టి మళ్ళీ మంచం. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. 2017లో జామా ఆంకాలజీ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణలో 113 పరిశోధనలు, 11,000 మందికి పైగా రోగుల వివరాలు కలిపి చూశారు. అలసట తగ్గించడంలో వ్యాయామం, మానసిక చికిత్స రెండూ మందుల కంటే మెరుగ్గా పనిచేశాయని తేలింది. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఆధ్వర్యంలో నిపుణులు ఇచ్చిన సూచన, వారానికి మూడుసార్లు 30 నిమిషాల చొప్పున ఒక మోస్తరు వ్యాయామం.

ముప్పై నిమిషాలు నాకు కొండలా కనిపించింది. ఫిజియోథెరపిస్టు దాని ఊసే ఎత్తొద్దన్నారు. మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి మంచం దాకా, రోజుకి కొన్నిసార్లు. తర్వాత వరండా. ఆ తర్వాత వీధి చివర. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అంతే వేగం. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవడం, రబ్బరు బ్యాండు లాగడం వారానికి రెండుసార్లు. జ్వరం ఉన్న రోజు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోజు, కళ్ళు తిరిగినా గుండెలో నొప్పి వచ్చినా చేయకూడదు. ఎముకలకి జబ్బు పాకినవాళ్ళు ఫిజియోథెరపిస్టు చెప్పింది మాత్రమే చేయాలి. నడిచిన వెంటనే హుషారేమీ రాలేదు. వారాలు గడిచాక, మెట్లెక్కి ఆగకుండా గదిలోకి వెళ్ళిన రోజున తేడా తెలిసింది.

కౌన్సెలర్ నేర్పిన పద్ధతుల్లో నిద్రకి సంబంధించినవి బాగా పనికొచ్చాయి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకి లేవడం, నిద్ర పట్టకుండా దొర్లుతుంటే లేచి వేరే గదిలో కూర్చోవడం, పగటి కునుకు అరగంట దాటకుండా, అదీ మధ్యాహ్నం మూడు లోపే. పగలంతా మంచం మీదే ఉండే మనిషికి రాత్రి మంచమంటే శరీరానికి నిద్ర గుర్తురాదట. అందుకే పగలు నన్ను కుర్చీకి మార్చారు.

ఇంకొకటి, ఓపికని చూసి ఖర్చుపెట్టడం. ఏ వేళ ఎలా ఉందో, ఏ పని చేశాక ఎంత పడిపోయానో ఒక నోట్‌బుక్కులో రాయమన్నారు. బాగున్న రోజున పేరుకుపోయిన పనులన్నీ చేసేయడం, తర్వాత రెండు రోజులు లేవలేకపోవడం. అది చూస్తేగానీ నాకు అర్థం కాలేదు. మంచి రోజున కూడా సగంలో ఆపడం నేర్చుకోవడమే అన్నిటికంటే కష్టమైంది. గడ్డం గీసుకోవడం కూర్చుని చేయడం మొదలుపెట్టాను. స్నానం రాత్రికి మార్చాను. అలా మిగిలిన ఓపికని సాయంత్రం అబ్బాయికి కథ చెప్పడానికి దాచుకున్నాను. ఏది వదిలేయాలో ఎంచుకునే హక్కు రోగికే ఉండాలి. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ అన్నీ లాక్కుని చేసేస్తే ఆ మనిషికి తనదంటూ ఏమీ మిగలదు.

కీమో అయిపోయింది, మెడకి రేడియేషన్ ఇచ్చారు. రేడియేషన్ అలసట వేరే రకం. కీమోలో లాగా లేచి పడడం ఉండదు, మెల్లగా పేరుకుంటూ పోయి, వైద్యం ఆపాక కూడా వారాల తరబడి ఉంటుంది. చివరి సిట్టింగ్ రోజున అందరూ అభినందించారు. ‘ఇక అయిపోయింది కదా’ అన్నారు. నాకు ఆ తర్వాతి నెలలే ఎక్కువ బరువుగా గడిచాయి. వైద్యం నడుస్తున్నప్పుడు రోజూ ఎవరో ఒకరు చూస్తారు, రక్తం తీస్తారు, ఎలా ఉన్నారని అడుగుతారు. అది ఒక్కసారి ఆగిపోతుంది. చుట్టుపక్కలవాళ్ళకి మనం కోలుకున్నవాళ్ళం, లోపల మాత్రం అలసట అలాగే ఉంటుంది. వైద్యం ముగిసిన నెలలకీ, కొందరిలో ఏళ్ళకీ ఇది ఉండొచ్చని ముందే చెప్పే డాక్టర్లు ఇంకా ఎక్కువమంది కావాలి.

స్కాన్ దగ్గరపడుతుంటే వచ్చే టెన్షన్ ఇంకా ఉంది. మెడ పక్కన మాటిమాటికీ తడుముకుంటాను. ఒంట్లో కాస్త నీరసమనిపిస్తే తిరగబెట్టిందేమో అనిపిస్తుంది. రేడియేషన్ అయిన చాలా నెలలకి అలసట మళ్ళీ పెరిగినప్పుడు నేనూ మా ఆవిడా అదే అనుకుని వణికిపోయాం. పరీక్షిస్తే థైరాయిడ్ మందగించింది. మెడకి రేడియేషన్ తీసుకున్నవాళ్ళకి ఇది ఆలస్యంగా రావడం మామూలే కాబట్టి థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష ఎప్పటికప్పుడు చేయించుకోవాలి. థైరాక్సిన్ మాత్రతో అది సర్దుకుంది.

మా ఆవిడ గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. నా మందుల వేళలు, రిపోర్టులు, ఇల్లు, పిల్లాడి చదువు అన్నీ తనే చూసింది. తనకి అలసట ఎంత అని ఎవరూ అడగలేదు. కౌన్సెలర్ ఒకరోజు నన్ను బయట కూర్చోబెట్టి తనతో విడిగా మాట్లాడారు. గంటసేపు. బయటికొచ్చాక ఏం మాట్లాడిందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఆ తర్వాత వారానికి ఒక పూట అక్క వచ్చి నా దగ్గర ఉండేట్టు, ఆ పూట తను ఇష్టమైన చోటికి వెళ్ళేట్టు ఏర్పాటు చేసుకున్నాం. ‘తమ్ముడూ, నువ్వు పడుకో, నేను ఇక్కడే కూర్చుంటాను’ అని అక్క అంటే చాలు, తను నిశ్చింతగా వెళ్ళేది.

మిర్టాజపిన్‌ని సైకియాట్రిస్టు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించి ఆపేశాం. ఉద్యోగంలో మళ్ళీ చేరే ముందు ఆంకాలజిస్టు దగ్గర ఉత్తరం తీసుకుని, మొదట సగం పూటలు మాత్రమే వస్తానని పైవాళ్ళతో మాట్లాడుకున్నాను. ఏమైందో పూర్తిగా చెప్పనక్కర్లేదు గానీ, ఏది చేయగలనో ఏది చేయలేనో మాత్రం కచ్చితంగా చెప్పాను. ఇప్పుడు పూర్తి రోజు పనిచేస్తున్నాను. తల పెట్టి చేయాల్సిన పనులు పొద్దుటి పూటే ముగించుకుంటాను, మీటింగులో చెప్పినవి అప్పటికప్పుడు రాసుకుంటాను. అలసట అంకె ఎక్కువ రోజులు రెండు మూడు దగ్గర ఉంటోంది. ఎక్కువైన రోజున సాయంత్రం నడక తగ్గిస్తాను గానీ మానను.